యూనిఫాం లేని మంత్రికి జనరల్ సెల్యూట్ ఎందుకు?

(ఏప్రిల్ 5, బాబూ జగ్జీవన్ రామ్ జయంతి నాడు పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



జయంతి అంటే దండ వేసి, నాలుగు మాటలు పొగిడి, పులిహోర పొట్లం తీసుకుని ఇంటికి పోవడం కాదని మేము ప్రతి ఏడూ చెబుతున్నాం. ఇవాళ పొగడ్తలు పక్కనబెట్టి ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. ఈ ప్రశ్న మాది కాదు, మా బళ్ళో తొమ్మిదో తరగతి చదివే పిల్లాడిది. జనవరి 26 పెరేడ్ టీవీలో చూసి వచ్చి అడిగాడు: "సార్, రక్షణమంత్రికి తుపాకి పట్టడం రాదు గదా. యుద్ధాలు చేసిన జనరల్ ఆయనకెందుకు సెల్యూట్ కొడతాడు?"

మేము పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాదే. అయినా ఆ పిల్లాడికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. "రాజ్యాంగంలో అట్లా రాశారు" అని తప్పించుకున్నాం. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ జవాబు ఇవాళ ఇక్కడ చెబుదామనే ఈ ప్రయత్నం. ఎందుకంటే పదవీ కాలాలన్నీ కలిపితే ఆరేళ్ళకు పైగా ఆ రక్షణమంత్రి కుర్చీలో కూర్చున్న మనిషి, మనం ఇప్పుడు దండ వేసిన ఈ జగ్జీవన్ రామే.

ముందు మన టీకొట్టు దగ్గర మాట ఒకటి చూద్దాం. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో నాలుగు రోజులు దాడులు, ఎదురుదాడులు జరిగినప్పుడు ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే. "ఈ రాజకీయ నాయకులంతా దొంగలు. ఓ అయిదేళ్ళు దేశాన్ని మిలటరీకి అప్పజెబితే బాగుపడుద్ది." ఊరి పెద్దకులాల వాళ్ళు అన్నారు, సరే. మన పేట కుర్రాళ్ళు కూడా తలూపారు. అదీ మాకు బాధ కలిగించింది. ఎందుకో చెబుతాం.

పక్క దేశం పాకిస్తాన్ చూడండి. మనతోపాటే పుట్టిన దేశం. 1958లో ఆయూబ్ ఖాన్, 1977లో జియావుల్ హక్, 1999లో ముషారఫ్ - మూడుసార్లు జనరళ్ళు వచ్చి గద్దె మీద కూర్చున్నారు. ఓట్లతో గెలిచిన ప్రధాని భుట్టోని దించి, కేసు పెట్టి, 1979 ఏప్రిల్ 4న ఉరి తీశారు. బర్మాలో 1962లో సైన్యం అధికారం గుంజుకుంది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ అదే పని చేసింది. బంగ్లాదేశ్‌లో 1975లో ముజిబుర్ రహమాన్‌ని ఇంట్లోనే సైనికాధికారులు కాల్చి చంపారు. సరే, జనరళ్ళు ఏలిన పాకిస్తాన్‌లో మనలాంటి వాళ్ళ బతుకు బాగుపడిందా? 2019లో అక్కడి సైన్యం మురుగు కాలవలు శుభ్రం చేసే పనికి ప్రకటన ఇస్తూ, క్రైస్తవులే దరఖాస్తు చేసుకోవాలని రాసింది. ఆ క్రైస్తవుల్లో ఎక్కువమంది ఎవరు? ఒకప్పుడు మతం మారిన అంటరానివాళ్ళే. తుపాకి రాజ్యంలో మురికి పని మనకే మిగిలింది.

భూమి ఉన్నవాడికి మిలటరీ పాలన వచ్చినా భూమి ఉంటుంది. డబ్బున్నవాడు ఏ ప్రభుత్వం దగ్గరైనా పని జరిపించుకుంటాడు. మనకేముంది? అయిదేళ్ళకొకసారి వేలి మీద పడే సిరా చుక్క. దాని కోసమే కదా పెద్దకులాల నాయకుడు పేటలోకి వచ్చి మన నులకమంచం మీద కూర్చునేది! ఆ చుక్క పోతే మన గడప తొక్కేవాడు ఉండడు. కాబట్టి సైన్యం మీద పెత్తనం ఎవరిది అనేది ఢిల్లీ పెద్దల గొడవ కాదు. అది మన గొడవ.

ఇప్పుడు ఆ కుర్చీ ఎట్లా వచ్చిందో చూద్దాం. తెల్లవాళ్ళ కాలంలో సైన్యాన్ని నడిపే కమాండర్-ఇన్-చీఫే వైస్రాయి కౌన్సిల్లో కూడా కూర్చునేవాడు. వైస్రాయి తర్వాత అంతటివాడు. ఆయన్ని అడిగే ప్రజాప్రతినిధి లేడు. 1946 సెప్టెంబరు 2న తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు సైనికుడు కాని బల్దేవ్ సింగ్‌కి రక్షణశాఖ ఇచ్చారు. స్వతంత్రం వచ్చాక ఆయనే మొదటి రక్షణమంత్రి. ఢిల్లీలో కమాండర్-ఇన్-చీఫ్ ఉండే పెద్ద బంగళా 1948లో ప్రధాని ఇల్లయింది. ఇప్పుడు తీన్‌మూర్తి భవన్ అంటారు దాన్ని. 1955లో చట్టం చేసి కమాండర్-ఇన్-చీఫ్ అనే పేరే తీసేశారు. పదాతిదళానికీ, నౌకాదళానికీ, వైమానికదళానికీ ఎవరి అధిపతి వారే. ముగ్గురి పైన మంత్రి.

అంబేద్కర్ అధ్యక్షతన రూపొందిన రాజ్యాంగం 53వ అధికరణం సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతికి ఇచ్చింది. కానీ రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి, అది 74వ అధికరణం. మంత్రిమండలి లోక్‌సభకు జవాబు చెప్పుకోవాలి, అది 75వ అధికరణం. లోక్‌సభ ఎవరిది? మనది. అంటే సిపాయి తన అధికారికి, అధికారి సేనాపతికి, సేనాపతి మంత్రికి, మంత్రి పార్లమెంటుకి, పార్లమెంటు సభ్యుడు ఓటరుకి జవాబు చెప్పాలి. జగ్జీవన్ రామ్ బీహార్‌లోని సాసారాం నుంచి గెలిచేవాడు. 1971లో ముగ్గురు సేనాపతులు ఎవరి మాట వినాల్సి వచ్చిందో ఆ మంత్రి, సాసారాంలో కూలినాలి చేసుకునే వాళ్ళ దగ్గర ఓటు అడిగి వచ్చినవాడు. ఇదీ లెక్క.

మరి తుపాకి పట్టడం రానివాడు సైన్యానికేం చెబుతాడు? మన పేటలో తాపీమేస్త్రీలున్నారు. ఇటుక ఎట్లా పేర్చాలో, సిమెంటు పాళ్ళు ఎంతో మేస్త్రీకి తెలుసు. ఇంటాయనకు తెలవదు. కానీ ఇల్లు కట్టాలా వద్దా, ఎన్ని గదులు, ఎంత ఖర్చు - చెప్పేది ఇంటాయన. మేస్త్రీ పని బాగా వచ్చినంత మాత్రాన ఇల్లు మేస్త్రీది అయిపోదు. అట్లాగే యుద్ధం చేయాలా వద్దా, ఎంత డబ్బు పెట్టాలి, ఏ ఆయుధం కొనాలి, ఎవర్ని సైన్యంలోకి తీసుకోవాలి అనేవి ప్రభుత్వం తేల్చాల్సినవి. 2025-26లో రక్షణశాఖకు ఇచ్చిన డబ్బు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మన డబ్బు కూడా అందులో ఉంది. దానికి లెక్క చెప్పేవాడు ఒకడుండాలి గదా!

అయితే ఇంటాయన మేస్త్రీ చేతిలో తాపీ లాక్కుని తానే గోడ కడతానంటే గోడ కూలుద్ది. అది కూడా మన దేశం చూసింది. 1959లో మంత్రి కృష్ణమీనన్‌తో పొసగక సైన్యాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇచ్చి, నెహ్రూ చెప్పాక వెనక్కి తీసుకున్నాడు. పౌర ప్రభుత్వానిదే పైమాట అని నెహ్రూ పార్లమెంటులో గట్టిగా చెప్పాడు. మాట సరైనదే. కానీ పదోన్నతుల్లో మంత్రి అయినవాళ్ళని ఎక్కిస్తున్నాడనే గొడవ అట్లాగే ఉండిపోయింది. 1962లో చైనా చేతిలో దెబ్బ తిన్నాక మీనన్ పదవి పోయింది. ఆ పదవి పోవడం కూడా పాఠమే. తప్పు జరిగితే మంత్రిని దించవచ్చు. గద్దె మీద కూర్చున్న జనరల్‌ని దించేదెవరు?

1971కి వద్దాం. జగ్జీవన్ రామ్ 1970 జూన్‌లో రక్షణమంత్రి అయ్యాడు. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులు లక్షల్లో వస్తున్నారు. వెంటనే యుద్ధానికి దిగాలని ఒత్తిడి ఉంది. సైన్యాధిపతి మానెక్‌షా గడువు అడిగాడు. వానలు పోవాలి, నదులు తగ్గాలి, సరంజామా చేరాలి. ప్రభుత్వం ఆ గడువు ఇచ్చింది. మంత్రి సరిహద్దు శిబిరాలు తిరిగాడు, కావాల్సినవి సమకూర్చే పని చూశాడు. తాపీ మాత్రం లాక్కోలేదు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. సుమారు 93 వేల మంది బందీలయ్యారు. మన విశాఖపట్నం ఒడ్డున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఆ యుద్ధంలోనే. విశాఖ బీచి రోడ్డులో ఆ విజయానికి కట్టిన స్తూపాన్ని మనవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. ఆ యుద్ధం నడిచినప్పుడు మంత్రి కుర్చీలో ఒక చమార్ బిడ్డ ఉన్నాడని స్తూపం చూసినవాళ్ళలో ఎందరికి తెలుసు? మన పాఠ్యపుస్తకాల్లో ఇందిర పేరు ఉంటుంది, మానెక్‌షా పేరు ఉంటుంది. ఈయన పేరు వెతుక్కోవాలి.

ఆ బిడ్డ ఎట్లా పెరిగాడో కూడా తెలుసుకోండి. ఆరా పట్టణంలో బడికి వెళితే హిందువులకో కుండ, ముస్లింలకో కుండ ఉండేవి. ఈయన హిందువుల కుండలో నీళ్ళు ముంచుకుంటే గొడవ చేసి, అంటరానివాళ్ళకని మూడో కుండ పెట్టారు. పిల్లాడు దాన్ని పగలగొట్టాడు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పగలగొట్టాడు. చివరికి హెడ్మాస్టరే మూడో కుండ వద్దన్నాడు. బడిపంతుళ్ళం గనక ఈ కథ మాకు మరీ ఇష్టం. ఆయన తండ్రి శోభీరామ్ తెల్లవాళ్ళ సైన్యంలో పనిచేసినవాడు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు, దండులో బడిపంతులు కూడా. ఇద్దరూ సైనికుల బిడ్డలే. ఊళ్ళో బడి గడప తొక్కనివ్వని రోజుల్లో సైన్యంలో మనవాళ్ళకు ఇంత జీతం, ఇన్ని అక్షరాలు దొరికాయి. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ఒకప్పుడు "తిలంగా" అని పిలిచేవారు. తెలుగు నేల నుంచి వెళ్ళిన సిపాయిల మీదుగా వచ్చిన పేరది. తర్వాత తెల్లవాళ్ళు "యుద్ధవీరుల జాతులు" అనే సిద్ధాంతం పట్టుకొచ్చి మహర్లను తీసుకోవడం ఆపేశారు. మనువు చెప్పిందాన్నే ఇంగ్లీషులో చెప్పారన్నమాట. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చాక, అంబేద్కర్ పట్టుబట్టగా 1941లో మహర్ రెజిమెంటు లేచింది. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి, పని తీరాక 1946లో రద్దు చేశారు. అవసరముంటే వీరులం, అవసరం తీరితే అంటరానివాళ్ళం.

ఇక్కడ మనలో మనం ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. జగ్జీవన్ రామ్‌తో ఉద్యమానికి పేచీ ఉంది. అంబేద్కర్ బయట నిలబడి కొట్లాడితే ఆయన కాంగ్రెస్ నీడలో ఉండిపోయాడు. 1975 జూలైలో ఎమర్జెన్సీకి ఆమోదం కోరే తీర్మానాన్ని లోక్‌సభలో పెట్టింది కూడా ఆయనే. 1977 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడనుకోండి. అందుకే మన పల్లెల్లో కొందరు ఏప్రిల్ 5న ఈ విగ్రహం దగ్గరికి, కొందరు 14న ఆ విగ్రహం దగ్గరికి విడివిడిగా పోతున్నారు. పేచీ ఉండనివ్వండి. విడిపోవడం మాత్రం వద్దు.

1977లో ప్రధాని పదవి ఆయనదాకా వచ్చి వెనక్కి పోయింది. మొరార్జీ మంత్రివర్గంలో మళ్ళీ రక్షణమంత్రి అయ్యాడు. 1978 జనవరిలో కాశీకి వెళ్ళి సంపూర్ణానంద్ విగ్రహం ఆవిష్కరించాడు. ఆయన వెళ్ళాక ఏం జరిగిందో తెలుసా? విగ్రహం మైలపడిందని కొందరు అగ్రకుల విద్యార్థులు గంగనీళ్ళు తెచ్చి కడిగారు. అప్పటికి ఆయన దేశ రక్షణమంత్రి. విమానాలు, ఓడలు, లక్షల సైన్యం ఆయన శాఖ కింద ఉన్నాయి. చెయ్యి తగిలితే రాయి మైలపడింది! 2020 ఫిబ్రవరిలో గుజరాత్ బనస్కాంఠా జిల్లాలో దళిత జవాను పెళ్ళికి గుర్రమెక్కి ఊరేగుతుంటే రాళ్ళు వేశారు. సరిహద్దులో తుపాకి మోసినవాడికి సొంతూళ్ళో గుర్రమెక్కే హక్కు లేదు. మంత్రికి కాశీలో, జవానుకి గుజరాత్‌లో జరిగింది ఒకటే.

అంటే కుర్చీ పనికిరానిదా? కాదు. కుర్చీ ఒక్కటే చాలదు. కుర్చీలో మనవాడు కూర్చుంటే కులం దానంతటది పోదు. ఆ కుర్చీని ప్రశ్నించే జనం కింద ఉండాలి. మనం దండలు నేర్చుకున్నాం, ప్రశ్నలు నేర్చుకోలేదు.

ఏం ప్రశ్నలు? మొదటిది భర్తీ గురించి. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళ కొలువు. ఆ తర్వాత నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు చేతిలో పెట్టి పంపిస్తారు, పెన్షన్ లేదు. పార్లమెంటులో ముందుగా చర్చ లేదు. మంత్రి, ముగ్గురు సేనాపతులు విలేఖర్ల ముందు కూర్చుని ప్రకటించారు. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాదు రైల్వేస్టేషన్లో రైలుపెట్టెలు తగలబడ్డాయి. కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. రైళ్ళు తగలబెట్టమని మేము చెప్పం. కానీ ఏళ్ళ తరబడి పరుగులు తీసినవాడి మాట వినే చోటు ఒకటి ఉండాలి గదా. ఆ చోటు పేరు పార్లమెంటు. అక్కడ జవాబు చెప్పాల్సినవాడి పేరు రక్షణమంత్రి.

రెండోది, మన వాటా. సైన్యంలో సిపాయి, ఆఫీసరు భర్తీకి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. కులం పేరుతో రెజిమెంట్లు మాత్రం ఉన్నాయి - రాజపుత్, జాట్. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి రాజపుత్రులు, జాట్లు, జాట్ సిక్కులే ఎందుకని కోర్టుల దాకా వెళ్ళారు. ఆఫీసర్లలో దళితులెందరో మంత్రి ఎప్పుడైనా చెప్పాడా? సిపాయికి సంఘం పెట్టుకునే హక్కు లేదు. 33వ అధికరణం కింద పార్లమెంటు ఆ హక్కుకి హద్దు పెట్టింది. లోపల ఉన్నవాడు అడగలేడు గనక బయట ఉన్న మనం అడగాలి.

మూడోది, ఫ్యాక్టరీలు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. అదీ రక్షణమంత్రి కిందే. 2021 అక్టోబరు 1న దేశంలోని ఇట్లాంటి ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా మార్చారు. అక్కడి పర్మినెంటు ఉద్యోగాల్లో మనకు రిజర్వేషన్ ఉంది. రేపు కాంట్రాక్టు పద్ధతి పెరిగితే ఆ రిజర్వేషన్ దేనికి వర్తించాలి?

నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది. 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర బొగ్గు గనిలో పని ముగించుకుని బండిలో ఇంటికి వస్తున్న కూలీల మీద సైనికులు కాల్పులు జరిపారు. ఆరుగురు అక్కడే పోయారు. నాగాలాండ్ పోలీసులు 30 మంది సైనికుల మీద చార్జిషీటు వేశారు. కానీ అక్కడ అమల్లో ఉన్న ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా విచారణ నడవదు. 2023లో రక్షణశాఖ ఆ అనుమతి ఇవ్వలేదు. ఇక్కడ మంత్రి కుర్చీ పని ఏమిటి? సైన్యాన్ని మెచ్చుకోవడమొక్కటేనా? సైన్యం తప్పు చేస్తే చచ్చిపోయిన కూలీ పక్షాన అడగాల్సింది కూడా ఆ కుర్చీయే. కూలీలంటే మనమే గదా. సాయంత్రం పని దిగి ట్రాక్టరు ట్రక్కులో వచ్చేది మనమే గదా.

ఇవన్నీ అడగడం దేశద్రోహం అంటారు. ఇంటాయన మేస్త్రీని లెక్క అడిగితే ఇంటికి ద్రోహమా? సైన్యం మీద మాకు గౌరవం లేక కాదు. మా విద్యార్థులు సరిహద్దులో ఉన్నారు, వాళ్ళ అమ్మలు ఈ సభలో ఉన్నారు. ఆ పిల్లలు ఏ మంచులో, ఎవరి నిర్ణయం వల్ల నిలబడ్డారో అడిగే హక్కు ముందు ఆ అమ్మలదే.

చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాం. ఒకటి, ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి, పేటలో సంతకాలు పెట్టించి మన ఎంపీకి ఇద్దాం. పార్లమెంటులో మంత్రిని అడగడం ఆయన పని, అందుకే పంపాం. రక్షణశాఖ మీద పార్లమెంటు స్థాయీసంఘం కూడా ఉంది. రెండు, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచారహక్కు దరఖాస్తు పెట్టవచ్చు. యుద్ధ రహస్యాలు చెప్పరు, చెప్పకూడదు కూడా. భర్తీ లెక్కలు రహస్యాలు కావు. దరఖాస్తు రాయడం మేము నేర్పిస్తాం, ఆదివారం పూట బడి దగ్గరికి రండి. మూడు, సెలక్షన్లకు పోయే కుర్రాళ్ళు పరుగుతోపాటు ఆఫీసరు పరీక్షల సంగతీ తెలుసుకోండి. మనవాళ్ళు సిపాయిల దగ్గరే ఎందుకు ఆగాలి?

తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా ఇవాళ సభకు వచ్చాడు. వాడికి బాకీ పడ్డ జవాబు ఇది. బాబూ, జనరల్ సెల్యూట్ కొట్టేది ఆ మనిషికి కాదు. ఆ మనిషిని అక్కడికి పంపిన ఓటుకి. మీ అమ్మ వేసిన ఓటు కూడా అందులో ఉంది. ఆ సంగతి ఢిల్లీలో కూర్చున్న మంత్రికి గుర్తు చేస్తూ ఉండటమే మన పని.

జై భీమ్!